తుప్పు పట్టిన పాత స్పోర్ట్స్ కారుకి రేటు కట్టేదెలా?

ప్రశ్న: సార్, 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైన టాప్ రేకు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఒకటి అమ్మకానికి వచ్చింది. ఏళ్ల తరబడి షెడ్‌లో కవర్ కప్పి ఉంచేశారంట, ఫెండర్ల మీదా డోర్ల కిందా తుప్పు బుడగలు కనిపిస్తున్నాయి, ఇంజన్ స్టార్ట్ అవ్వట్లేదు. ఓనరేమో "అది పైపై తుప్పే, ఇంజన్ బాగు చేయించుకుంటే చాలు" అంటున్నాడు. బాగా రెడీ అయిన కారు రేటులో సగం అడుగుతున్నాడు. సగానికి వస్తే లాభమే కదా? చిన్నప్పట్నుంచీ ఈ కారంటే ప్రాణం సార్.

జవాబు: సగం రేటు అనగానే తొందరపడి అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఆయన ఇంజన్ గురించి చెప్తున్నాడు గానీ ఈ కారు రేటు తేల్చేది ఇంజన్ కాదు, బాడీ. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా తయారైంది, 5 లక్షలకు పైగా బయటికొచ్చాయి, ఆ 1,798 సీసీ ఇంజన్‌కి పార్ట్స్ ఇప్పటికీ దొరుకుతాయి, కార్బ్యురేటర్ పని తెలిసిన మెకానిక్ ఎవరైనా దాన్ని దారిలో పెడతాడు. కుళ్లిన రేకు సంగతి అలా కాదు, అక్కడ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఎందుకంటే ఈ కారుకి విడిగా చాసీ ఉండదు, బాడీయే చాసీ. డోర్ కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలాగా పొడుగ్గా ఒక భాగం ఉంటుంది చూడండి, దాన్నే సిల్ అంటారు. రోడ్‌స్టర్‌కి పైన టాప్ రేకు లేదు కాబట్టి కారు నడుము వంగకుండా పట్టుకునే బరువంతా చాలావరకు దాని మీదే పడుతుంది. బయటికి కనిపించేది ఒక్క రేకే, లోపల ఇంకో రెండు పొరలుంటాయి, తుప్పు అక్కడ మొదలై బయటికొస్తుంది. మీరు డోర్ కింద చూసిన బుడగ, లోపల రేకు తినేశాక బయటపడ్డ చివరి గుర్తు అయ్యుండొచ్చు. ముందు ఫెండర్ మీది బుడగ అంత భయపెట్టేది కాదు, అది బోల్టులతో బిగించిన ముక్క, విప్పి మార్చేయొచ్చు. వెనక ఫెండర్ వెల్డింగ్‌తో అతికినది, దానికి కోత తప్పదు.

నా సొంత అనుభవం చెప్తాను. నేను మొదట కొన్న పాత కారుకి కింద నల్లగా నిగనిగలాడే కొత్త కోటింగ్ ఉండింది, తుప్పు రాకుండా ఈమధ్యే కొట్టించా అని అమ్మినాయన అంటే ఎంత సంబరపడ్డానో. ఇంటికొచ్చాక సిల్ కింద స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం నొక్కితే పిడి దాకా దిగిపోయింది, బయటికి లాగితే గోధుమరంగు పెచ్చులు పొరలు పొరలుగా రాలాయి. పాత కుళ్లు తీయకుండా దాని మీదే కొత్త రేకు అతికించి కోటింగ్ కొట్టారు. పైన పటారం లోన లొటారం. అప్పట్నుంచీ తుప్పు కనిపించే కారు కంటే కొత్తగా కోటింగ్ కొట్టిన కారంటేనే నాకు ఎక్కువ భయం.

కాబట్టి వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం, గుడ్డ, టార్చ్, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. ముందు డోర్ మూసి, వెనక అంచుకీ బాడీకీ మధ్య గ్యాప్ చూడండి, పైన ఇరుగ్గా కింద వెడల్పుగా ఉంటే నడుము కుంగుతోందని అనుమానించాలి. ఓనర్ ఒప్పుకుంటే జాకీ ఎత్తి మళ్లీ చూడండి, గ్యాప్ మారినా, అప్పటిదాకా సాఫీగా పడ్డ డోర్ బిగుసుకున్నా బాడీలో బలం లేనట్టే (జాకీ ఒక్కదాన్నే నమ్మి మాత్రం కిందకి దూరకండి, స్టాండ్లు ఉండాల్సిందే). అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి సిల్ మీదా చక్రాల చుట్టూ జరపండి, పట్టు వదిలేసిన చోట పెయింట్ కింద పుట్టీ మందంగా ఉన్నట్టు. సీట్ల వెనక కార్పెట్ ఎత్తండి, ఆ ఏడాది ఎంజీబీకి అక్కడ కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి, వాటి పెట్టెలు తుప్పుకి మొదట దొరికే చోట్లలో ఒకటి.

ఇక రేటు సంగతి. లెక్క ఎప్పుడూ చివర్నుంచి వేయాలి. ఇదే మోడల్ బాగా రెడీ అయిన కారు 100 అనుకోండి. బాడీ వర్క్ 45, పెయింట్ 20, క్రోమ్ పని, సీట్లు, హుడ్ (పైన కప్పే గుడ్డ టాప్) కలిపి 15, ఇంజన్, బ్రేకులు, సస్పెన్షన్ ఇంకో 15 అయిందనుకుందాం, మొత్తం 95. అప్పుడు ఆ కారు విలువ 5, ఆయన అడుగుతున్నది 50. ఈ అంకెలు లెక్క అర్థమవడానికి వేసినవే, మీ అంకెలు మాత్రం పాత కార్ల రేకు పని చేసే మనిషిని వెంట తీసుకెళ్లి ఆయన నోటితోనే చెప్పించండి, దాని మీద ఇంకో పావు వంతు కలపండి, కోసి చూస్తేగానీ బయటపడని కుళ్లు ఎప్పుడూ ఉంటుంది. ఇంకో విషయం, 1988 నుంచి ఎంజీబీకి కొత్త బాడీ షెల్ (పార్ట్స్ ఏవీ బిగించని ఖాళీ రేకు బాడీ) కూడా తయారు చేసి అమ్ముతున్నారు, రిపేర్ ఎస్టిమేట్ ఆ షెల్ తెప్పించుకునే ఖర్చు దాటిందంటే పాత బాడీకి రేటు కట్టొద్దు, పేపర్లకీ మిగతా పార్ట్స్‌కీ మాత్రమే కట్టండి.

ఓనర్ వైపు కూడా ఒక న్యాయం ఉంది. 1974 దాకా వచ్చిన క్రోమ్ బంపర్ ఎంజీబీలకి తర్వాత వచ్చిన రబ్బర్ బంపర్ వాటికంటే గిరాకీ ఎక్కువ, మీరు చూసింది ఆ మంచి బ్యాచ్‌లోదే. బంపర్లు, గ్రిల్, మీటర్లు అన్నీ ఒరిజినల్‌గా ఉండి, చాసీ నంబర్ పేపర్లతో కలిస్తే ఆ మేరకు ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు. దాని మీద ఇష్టంతో ఇంకొంచెం ఇస్తానంటే కూడా నేను కాదనను, ఆ ప్రేమ నాకు తెలుసు, కాకపోతే ఎంత ఎక్కువ ఇస్తున్నారో ముందే తెలిసి ఇవ్వండి.

వెళ్లినప్పుడు రెండు డోర్ల గ్యాప్, సిల్ అడుగు భాగం, బ్యాటరీ పెట్టెలు దగ్గర్నుంచి ఫొటోలు తీసి పంపండి, బేరానికి కూర్చునే ముందే చూసి చెప్తాను.