చిన్నపిల్లల స్పెషల్ టీచర్ కోర్సుకి ఫీజు సాయం ఎక్కడ దొరుకుతుంది?

మీది కావలి అన్నారు. చెల్లి ఇంటర్ పాసైంది, ఎదుగుదల లోపాలున్న అంగన్‌వాడీ వయసు పిల్లలకి టీచర్ అవుతానంటోంది, నాన్నగారి ఆటో మీదే ఇల్లు గడుస్తోంది, ఫీజు ఎట్లా అని మీ ప్రశ్న. నేను టంగుటూరు దగ్గర పొగాకు వేసే ఇంట్లో పుట్టి ఇదే చదువు చదివాను. ఇప్పుడు ఒంగోలులో మూడు నాలుగేళ్ల పిల్లలతో పని చేస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు అడిగింది డబ్బు గురించే అయినా ముందు కాలేజీ సంగతి తేల్చుకోండి. స్కాలర్‌షిప్ అడిగినా, బ్యాంకు లోను అడిగినా, రేపు ఉద్యోగానికి వెళ్లినా మొదట చూసేది ఆ కోర్సుకి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి గుర్తింపు ఉందా లేదా అనే. 1992 నాటి చట్టం ప్రకారం ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ పని చేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, ఒక్కోసారి రెండూ పడొచ్చు. మూడు నెలల్లో ఆటిజం టీచర్ని చేస్తామని వేలకు వేలు కట్టించుకునే వాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లిచ్చే కాగితానికి ఎక్కడా విలువ లేదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో కాలేజీల జాబితా ఉంటుంది. కాలేజీ పేరొక్కటే కాదు, మీ చెల్లి చేరబోయే కోర్సుకి ఈ ఏడాది అనుమతి ఉందో లేదో కూడా చూడండి.

ఇంటర్ తర్వాత ఆమెకి రెండు దారులున్నాయి. ఒకటి చిన్నపిల్లల ప్రత్యేక విద్యలో ఏడాది డిప్లొమా, రెండోది రెండేళ్ల డీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్. ఏడాదిదైతే ఖర్చు తక్కువ, పైగా ఆమె కోరుకున్న వయసు పిల్లల గురించే చెప్తారు. అయినా ఇల్లు ఎలాగోలా తట్టుకుంటుందంటే రెండేళ్లదే చదివించమంటాను. ప్రభుత్వ బడుల్లో ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టుకి అడిగేది ఆ డీఎడ్‌నే. సుప్రీంకోర్టు 2021లో ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని చెప్పింది. ఆ తీర్పు వల్లే మన రాష్ట్రంలో 2025లో 2,260 పోస్టులు మంజూరయ్యాయి, వాటిలో 1,136 ఎస్జీటీవి. అంతకు ముందు మా బోటి వాళ్లకి భవిత కేంద్రాల్లో, అంటే ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రాల్లో కాంట్రాక్టు పని దొరకడమే గొప్ప.

ఇక ఫీజు. ఇంటర్ దాకా తల్లి ఖాతాలో ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బు వచ్చింది కాబట్టి దీనికీ ఏదో ఒకటి దానంతటదే వస్తుందని చాలామంది ధైర్యంగా చేర్పిస్తారు. తల్లికి వందనం ఇంటర్‌తో ఆగిపోతుంది. తర్వాత ఉన్నది ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే కాలేజీ ఫీజుని ప్రభుత్వం కట్టే పథకం. దానికి ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ సీటుకీ దూరవిద్యకీ రాదు. ఇవన్నీ సరిపోయినా జ్ఞానభూమి అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ కనపడాలి. మేం చేరేటప్పుడు కాలేజీ ఆఫీసులో "వస్తుందిలేమ్మా" అన్నారు. చేరాక చూస్తే మా కోర్సు జాబితాలోనే లేదు. నాతో చేరిన వాళ్లలో కొందరు అక్కడే చదువు ఆపేశారు. వాళ్లు ఈ పనికి ఎంత పనికొచ్చేవాళ్లో నాకు తెలుసు కాబట్టి ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు మాత్రం కాలేజీ వాళ్ల మాట మీద వెళ్లకుండా సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర కూర్చుని, స్క్రీన్ మీద చూపించమనండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి. బ్యాంకు ఖాతాకి ఆధార్, ప్రభుత్వ డబ్బు ఖాతాలో పడటానికి కావాల్సిన ఎన్‌పీసీఐ లింక్ అయ్యాయో లేదో కూడా అప్పుడే చూడండి. మీరు ఎస్సీలైతే ఇంకో మాట: పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ని సొంత రాష్ట్రమే ఇవ్వాలన్నది కేంద్రం నిబంధన. కాబట్టి సికింద్రాబాద్‌లో సీటొచ్చినా దరఖాస్తు ఆంధ్రలోనే పెట్టాలి.

నన్ను చదివించింది అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న లోను. టంగుటూరు వేలంలో మా పొగాకు అమ్ముడైన డబ్బు పాత అప్పులకే సరిపోయేది, అడ్మిషన్ల నాటికి ఇంట్లో ఏమీ మిగిలేది కాదు. సంఘం అప్పు లేకపోతే నేను చదివేదాన్నే కాదు. ఇప్పుడు అంతకన్నా మంచి దారి ఉంది. సంఘంలో సభ్యురాలైన తల్లికి పిల్లల చదువు కోసం, పొదుపు సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి ద్వారా ఎన్టీఆర్ విద్యాలక్ష్మి కింద లక్ష రూపాయల వరకు ఇస్తున్నారు. వడ్డీ ఏడాదికి 4 శాతం, అంటే నెలకి నూటికి దాదాపు ముప్పై మూడు పైసలు. బయట రెండు రూపాయలకి తెచ్చే ముందు మీ అమ్మగారిని సంఘం లీడర్‌తో మాట్లాడమనండి.

కేంద్రం విద్యాలక్ష్మి పోర్టల్ వేరు, అది బ్యాంకు విద్యారుణాల కోసం. సాధారణంగా నాలుగు లక్షల లోపు లోనుకి మన వాటా కట్టమనరు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. చదువు అయిపోయిన ఏడాది తర్వాత కంతులు మొదలవుతాయి. మీకు కావాల్సింది చిన్న మొత్తం కాబట్టి నేనైతే ముందు సంఘం వైపే చూస్తాను.

ట్యూషన్ ఫీజు కాగితం మీద కనపడుతుంది. కనపడని ఖర్చు హాస్టలు, రికార్డులు, కేస్ స్టడీలు, బోధనోపకరణాలు. పిల్లలకి రంగులూ ఆకారాలూ నేర్పడానికి అట్టలతో, పూసలతో మేం ఎన్నో చేసేవాళ్లం, ఆ డబ్బంతా మా చేతిదే. ఏ పథకంలోనూ దానికి లెక్క లేదు. అందుకే దగ్గర్లో సీటు దొరికితే సగం భారం తగ్గుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, కావలి నుంచి నెల్లూరు రోజూ పోయి రావచ్చు. నెల్లూరులో సీఆర్‌సీ, అంటే వైకల్యమున్న వాళ్లకి సేవలందించే ప్రాంతీయ కేంద్రం ఉంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యమున్న వాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ కింద నడిచే ప్రభుత్వ కేంద్రం అది. అక్కడ ఏ కోర్సులు నడుపుతున్నారో, ఫీజు ఎంతో ముందు అక్కడికే వెళ్లి అడగండి.

చేర్చే ముందు ఒక్క రోజు చెల్లిని దగ్గర్లోని భవిత కేంద్రానికి తీసుకెళ్లి, టీచర్ని అడిగి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోనివ్వండి. చెంచా పట్టుకోవడానికే ఒక పిల్లాడికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో వాళ్లమ్మకి ధైర్యం చెప్పేదీ మనమే. అది చూసి వచ్చాక కూడా ఆమె చదువుతానంటే ఎన్టీఆర్ విద్యాలక్ష్మికి దరఖాస్తు మొదలుపెట్టండి. మీ అమ్మగారు ఏ సంఘంలో ఉన్నారో, మీ ఆదాయ ధ్రువపత్రంలో ఎంత ఉందో కింద రాస్తే ముందు ఎటు వెళ్లాలో చెప్తాను.