ఆషాఢంలో బౌన్స్ అయిన సిప్

ప్రశ్న: వరంగల్‌లో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. పని ఖర్చులు పోను ఏడాదికి 7.2 లక్షలు, అంటే నెలకు 60 వేలు. ఇంటికీ షాపు అద్దెకూ 40 వేలు పోతాయి కదా అని 15 వేల సిప్ (నెలనెలా ఖాతా నుంచి మ్యూచువల్ ఫండ్‌లోకి వెళ్లే వాయిదా) మొదలుపెట్టాను. మొన్న ఆషాఢంలో బౌన్స్ అయి బ్యాంకు ఫైన్ వేసింది. మాలాంటివాళ్లకు ప్లానింగ్ కుదరదా? ఈఎంఐలో డ్రోన్ కొనొచ్చా?

జవాబు: కుదురుతుందండీ. కాకపోతే మీరు లెక్కేసిన ఆ 60 వేల నెల మీ ఏడాదిలో ఎక్కడా లేదు. మాఘంలో రెండు లక్షలు వచ్చి ఉంటాయి, ఆషాఢంలో పాస్‌పోర్టు ఫొటోల డబ్బులే దిక్కు.

ఉగాదికి పంచాంగం కొంటారుగా. మీ రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని ఉన్నా కంగారు పడకండి, మూఢాలు ఎప్పుడెప్పుడో చూడండి. 2024లో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ముహూర్తాలే లేవు. మూడు నెలల పైచిలుకు, మీ ఖర్చుతో లక్షా ముప్పై వేల దాకా. అంతటి ఖాళీ కూడా పంచాంగంలో ముందే ఉంది. సీజన్లో వచ్చిందంతా వేరే ఖాతాలో వేసి, ప్రతి ఒకటో తేదీన 40 వేలు ఇంటికి జీతంలా పంపండి.

2020 లాక్‌డౌన్ పంచాంగం చూసి తెలుసుకునేది కాదు. దానికి వేరే నిధి ఉండాలి: ఆరు నెలల ఖర్చు, 2.4 లక్షలు, ఎఫ్‌డీలో. మీ ఏడాది మిగులంతా అంతే కాబట్టి మొదటి ఏడాది మొత్తం దీనికే పోతుంది. పోనివ్వండి. మీ వృత్తిలోనే ఉన్న ఒకాయన అప్పట్లో అడ్వాన్సులతో లెన్స్ కొన్నారు. పెళ్లిళ్లు వాయిదా పడి, వాళ్లు డబ్బు వెనక్కి అడిగితే ఆ లెన్సే అమ్ముకున్నారు. ఆల్బమ్ చేతికిచ్చేదాకా అడ్వాన్స్ పెళ్లివారిదే అనుకోండి.

ఆ 2.4 లక్షల నిధి నిండేదాకా సిప్ ఆపేయండి. తర్వాత మూఢంలోనూ కట్టగలిగేలా 3 వేలతో మొదలుపెట్టి, మిగతాది సీజన్లో అదే ఫండ్‌లో ఒకేసారి వేయండి. పీపీఎఫ్ (ప్రభుత్వ పొదుపు పథకం) కూడా మీకు బాగా నప్పుతుంది. ఏడాదికి కనీసం 500, గరిష్ఠం 1.5 లక్షలు, ఏ నెలలో వేసినా అడిగేవాళ్లు లేరు. 5వ తేదీలోపు వేస్తే ఆ నెల వడ్డీ కూడా కలుస్తుంది. పదిహేనేళ్ల వ్యవహారం, అది గుర్తుంచుకోండి.

డ్రోన్ అంటారా, అద్దె పెళ్లి ఉన్న రోజే కడతారు, ఈఎంఐ ఆషాఢంలోనూ కట్టాలి. ఇంకో రెండు సీజన్లు అద్దెకే తెచ్చుకోండి.