అడగండి, చెబుతాం: బెంగళూరు ఇంట్లో దూరదర్శన్ తెలుగు

ప్రశ్న: మా అమ్మానాన్నలు హిందూపురం నుంచి వచ్చి మాతో ఉంటున్నారు. అక్కడ పొద్దున లేచింది మొదలు దూరదర్శన్ తెలుగు ఛానల్ సప్తగిరే చూసేవారు. భక్తి పాటలు, వార్తలు, రైతుల కార్యక్రమం, సాయంత్రం కచేరీ, ఏదీ వదిలేవారు కాదు. నెలనెలా డబ్బు కట్టకుండా ఇక్కడ అది వస్తుందా? మాది మూడో అంతస్తు. డిష్ బాల్కనీలో పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: తప్పకుండా వస్తుంది. దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు. 60 సెంటీమీటర్ల డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్‌ను అందుకునే పరికరం), సెట్‌టాప్ బాక్స్, ఆర్‌జీ-6 కేబుల్ ఒక్కసారి కొంటే సరిపోతుంది. ఎస్పీ రోడ్డులో అన్నీ దొరుకుతాయి. బాక్స్ మాత్రం ఎంపెగ్-4 అని అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని ఛానళ్లు అసలు కనిపించవు. దూరదర్శన్ తెలుగు ఛానళ్లు రెండు: సప్తగిరి విజయవాడది, యాదగిరి హైదరాబాద్‌ది. అమ్మానాన్నలకు రెండూ పెట్టి చూపించండి.

అసలు జాగ్రత్త పడాల్సింది బాల్కనీ దగ్గర. ఫ్రీ డిష్ ఛానళ్లు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. బెంగళూరులో నిలబడి చూస్తే అది ఆగ్నేయ మూలకు కొంచెం తూర్పుగా, ఫోన్‌లోని దిక్సూచిలో 128 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎత్తు 66 డిగ్రీలు, అంటే దాదాపు నడినెత్తికి దగ్గర. అందువల్ల ఎదురుగా భవనం ఉందని బెంగపడక్కర్లేదు. 20 మీటర్ల దూరంలో ఉన్న భవనం అడ్డం రావాలంటే మీ డిష్ కంటే 45 మీటర్లు ఎత్తుండాలి. మీకు అడ్డొచ్చేది పై అంతస్తు బాల్కనీ శ్లాబు. డిష్ కంటే శ్లాబు రెండు మీటర్ల పైన ఉందనుకుంటే, డిష్ ఆ శ్లాబు అంచు నుంచి 90 సెంటీమీటర్ల కంటే లోపలికి ఉంటే సిగ్నల్ అందదు. డిష్ వెడల్పు కూడా కలుపుకుంటే అర మీటరు లోపే ఉంచడం మంచిది. రెయిలింగ్‌కు బయటి వైపు గట్టి క్లాంపుతో బిగిస్తే ఇంకా మేలు. బాల్కనీ ఉత్తరానికో పడమరకో ఉంటే ఆ ప్రయత్నం మానేసి, అసోసియేషన్ అనుమతి తీసుకుని మేడ మీద పెట్టించండి.

(చెన్నై పాఠకులకు: దిక్సూచిలో 134, ఎత్తు 68 డిగ్రీలు.)

ప్రశ్న: డిష్ నేనే బిగించాను. బాక్సులో సిగ్నల్ స్ట్రెంగ్త్ 80 చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా. ఎక్కడ పొరపాటు?
- ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: స్ట్రెంగ్త్ అంకెను పట్టించుకోకండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతూ కేబుల్ బాగుంటే, డిష్ ఆకాశంలో ఎటు చూస్తున్నా అది పెరుగుతుంది. సరైన ఉపగ్రహం దొరికిందని చెప్పేది క్వాలిటీ ఒక్కటే.

ముందు మెనూలో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ 9750/10600 అని, ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్ అని ఉన్నాయో లేదో చూడండి. తర్వాత స్తంభం. అది నిట్టనిలువుగా లేకపోతే డిష్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది, ఎంతసేపు తిప్పినా చిక్కదు. రసమట్టం పెట్టి రెండు వైపులా చూసుకోండి. డిష్ వెనక బ్రాకెట్ మీద డిగ్రీల గీతలుంటాయి. అక్కడ 66 పెట్టండి. ఇది ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన కాకుండా కిందివైపు ఉండేది) కాబట్టి దాని ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. ఆ అనుమానంతో ఇంకా వెనక్కి వంచితే ఉపగ్రహం తప్పిపోతుంది. ఇక 128 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ ఒక్కో డిగ్రీ జరుపుతూ, ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఆగండి. బాక్స్ సిగ్నల్‌ను పట్టుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి.

క్వాలిటీ కాస్త వచ్చి ఆగిపోతే ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే మెల్లగా తిప్పండి. చాలామంది వదిలేసే పని ఇది. ఢిల్లీలో సుమారు 27 డిగ్రీలు తిప్పితే సరిపోయేది మన దగ్గర 50 దాకా తిప్పాలి. ఉత్తరాదివారి వీడియో చూసి బిగించినవాళ్లకు వాన మబ్బు పట్టగానే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవడానికి తరచు ఇదే కారణం. చివరగా, ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ను కిందికి ఒక వంపు వేలాడేలా కట్టండి. నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్‌లోకి దిగవు.

ప్రశ్న: దూరదర్శన్‌లో క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం అన్నారు. మా కేబుల్‌లో అదే ఛానల్ పెడితే వేరే కార్యక్రమం వచ్చింది. ఆపరేటర్ మోసమా?
- ఒక పాఠకుడు, విజయనగర్

జవాబు: కాదు. జాతీయ ప్రాధాన్యం ఉన్నవని కేంద్రం ప్రకటించిన పోటీల సిగ్నల్‌ను ప్రైవేటు హక్కుదారులు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతోంది. ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకూ, ఫ్రీ డిష్‌కూ మాత్రమే పరిమితమని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే కేబుల్‌లోనూ ప్రైవేటు డీటీహెచ్‌లోనూ ఆ వేళకు మరో కార్యక్రమం వస్తుంది. మ్యాచ్ కావాలంటే ఫ్రీ డిష్ పెట్టుకోవాలి.

ప్రశ్న: ఆదివారం పదకొండింటికి చూద్దామనుకున్న నాటిక రాలేదు. వేళలు ఎందుకు మారతాయి?
- ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: ప్రభుత్వ ఛానల్‌లో రోజంతటికీ ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అనే చట్రం ఉంటుంది. ఏ అరగంట వార్తలకు, ఏది సేద్యానికి, ఏది పిల్లలకు, ఏది సంగీతానికి అన్నది అందులో ఖాయమవుతుంది. ప్రత్యక్ష ప్రసారం ఏదైనా వస్తే ఆ చట్రం పక్కకు జరుగుతుంది. మీరు చూసింది నెలలో చివరి ఆదివారమైతే, పదకొండు గంటలకు మన్ కీ బాత్ వచ్చి ఉంటుంది. శ్రీరామనవమి నాటి భద్రాచలం కల్యాణం, జనవరి 26 కవాతు కూడా అలాంటివే. అలా ఆగిన కార్యక్రమం తర్వాత ఏదో ఒక వేళలో మళ్లీ వేయడం మామూలే. బాక్స్ రిమోట్‌లో గైడ్ నొక్కి చూసుకోండి.

ప్రశ్న: అనంతపురం దగ్గర మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది. దూరదర్శన్‌లో రైతుల ఫోన్-ఇన్ కార్యక్రమానికి బెంగళూరు నుంచి ఫోన్ చేయవచ్చా?
- ఒక పాఠకుడు, హొసకోట

జవాబు: చేయవచ్చు. తెర మీద ల్యాండ్‌లైన్ నంబరు చూపిస్తే ముందు ఎస్టీడీ కోడ్ కలపండి: విజయవాడకు 0866, హైదరాబాద్‌కు 040. చెట్ల వయసు, ఎకరాలు, నేల రకం, నీటి వసతి, చివరగా కొట్టిన మందు పేరు, మోతాదు, తేదీ కాగితం మీద రాసి పెట్టుకోండి. "ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి" అంటే చాలదు. లేత ఆకులా, ముదురు ఆకులా, ఈనెలు ఆకుపచ్చగా మిగిలాయా అన్నది చెబితేనే శాస్త్రవేత్త జింకు లోపమో, మెగ్నీషియం లోపమో, వేరుకుళ్లో తేల్చగలరు.

లైన్ కలవగానే టీవీ శబ్దం పూర్తిగా తీసేయండి. సిగ్నల్ ఉపగ్రహానికి వెళ్లి రావడానికే పావు సెకను పడుతుంది. డిజిటల్‌గా మార్చే దశల్లో మరికొన్ని సెకన్లు పోతాయి. మీ మాటే ఆలస్యంగా గదిలో మోగి ఫోన్‌లోకి దూరితే స్టూడియోలో ప్రతిధ్వని వస్తుంది, యాంకర్ కాల్ కట్ చేయాల్సి వస్తుంది. మొబైల్‌లో స్ట్రీమింగ్ చూస్తుంటే ఆలస్యం ఇంకా ఎక్కువ, దాన్నీ ఆపేయండి. జవాబు ఫోన్‌లోనే వినండి.