పాత వించెస్టర్ కోసం 401కె లోన్ ఎందుకండీ?

ప్రశ్న: డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నేను సిటిజన్‌ని. ఐటీ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో నాదొక్కటే జీతం. నెల ఖర్చు 6,500 డాలర్లు, సేవింగ్స్‌లో 5,000 ఉన్నాయి. 1952 నాటి వించెస్టర్ మోడల్ 70 వేట రైఫిల్ ఒకటి 900కి కొన్నాను. ఎవరో స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) చివర కోసి రబ్బరు ప్యాడ్ బిగించారు, స్కోప్ (గురి చూసే దుర్బిణి) కోసం రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) మీద అదనపు రంధ్రాలు వేశారు. ఒరిజినల్ స్టాక్, దాని చివర ఉండే స్టీల్ బట్ ప్లేట్, గురి చూసే వెనక సైట్ కొని, బ్లూయింగ్ (లోహానికి నీలి నలుపు రంగు తెప్పించడం) చేయించడానికి 2,600 అవుతుందట. 401కె (ఆఫీసు ద్వారా ఉండే రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లోన్ తీసుకోనా, క్రెడిట్ కార్డు వాడనా? తర్వాత లాభానికి అమ్మొచ్చు కదా?

జవాబు: రెండూ వద్దు. రైఫిల్ బదులు పాత బుల్లెట్ బండో, చేతి గడియారమో ఉన్న ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. సరదా ఖర్చుకి పెట్టుబడి అని పేరు పెట్టుకోగానే అప్పు చేయడానికి ధైర్యం వచ్చేస్తుంది.

ముందు ఆ లాభం సంగతి చూద్దాం. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి డిజైన్ మార్చింది. బోల్ట్ మీద పొడవాటి గోరులా ఉండి, తూటా గుల్లని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ అప్పుడే పోయింది. అందుకే అంతకుముందు వాటికి గిరాకీ. కాకపోతే కలెక్టర్లు డబ్బు పెట్టేది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నవాటికి. మీరు స్టాక్ మార్చగలరు, రిసీవర్ మీది రంధ్రాలను ఏం చేస్తారు? బ్లూయింగ్‌కి ముందు లోహాన్ని పాలిష్ పడతారు, చెక్కిన అక్షరాల అంచులు అరిగిపోతాయి. తెలిసినవాడు టార్చి వేసి ముందు చూసేది అక్కడే. మీరు పెట్టే మొత్తం 3,500 వెనక్కి వస్తుందని నేనైతే అనుకోను.

ఇక నా అసలు కంగారు. మీ 5,000 అంటే 23 రోజుల ఖర్చు. ఒక్క జీతం, అదీ ఐటీలో, పైగా ఇద్దరు పిల్లలు! 401కె లోన్ ఉండగా ఉద్యోగం పోతే, మిగిలిన బాకీ మరుసటి ఏడాది టాక్స్ గడువులోగా కట్టాలి. కట్టలేకపోతే అది ఆదాయం కింద లెక్క, 59½ ఏళ్లలోపు వాళ్లకి మామూలుగా 10 శాతం పెనాల్టీ కూడా. జీతం లేని ఏడాదిలో ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? కార్డు సంగతి అడగకండి, చాలా కార్డుల వడ్డీ 20 శాతం దాటింది. బట్ ప్లేట్ కోసం ఆ వడ్డీ కడతానంటే నాకు కోపం వస్తుంది.

జీతం పడిన రోజే 1,000 వేరే ఖాతాలోకి వెళ్లేలా ఆటోమేటిక్‌గా పెట్టండి. 15 నెలల్లో మూడు నెలల ఖర్చు, 19,500 దాటుతుంది. ఆ తర్వాత ఆరు నెలల వైపు నడవండి. ఆ డబ్బు షేర్లలో వద్దు, సేవింగ్స్‌లోనే ఉండనివ్వండి. ఇంటి ఇన్సూరెన్స్‌లో తుపాకులు దొంగతనం పోతే ఇచ్చే పరిమితి ఎంతో ఒకసారి చూసుకోండి, చాలా పాలసీల్లో అది తక్కువే.

ఈలోగా రైఫిల్‌కి నూనె రాసి సేఫ్‌లో పెట్టండి. మూడు నెలల ఫండ్ నిండాక, మిగులు డబ్బుతో ఒక్కో పార్టూ కొనుక్కోండి, ముందు స్టాక్. బ్లూయింగ్ జోలికి మాత్రం వెళ్లకండి.