అద్దె ఆపకు, ముందు నోటీసు పంపు

చి.సౌ. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

పడకగది గోడ ఫోటోలు చూశాను. ఆ నాచు చూస్తే స్లాబ్ నుంచి నీళ్లు చాన్నాళ్లుగా దిగుతున్నట్టే ఉంది. "ఈ నెల నుంచి అద్దె ఆపేస్తే ఓనరే దిగొస్తాడు" అని అల్లుడు అంటున్నాడట. ఆ పని మాత్రం చేయనివ్వకు. ఇవాళ తప్పు ఓనరుది. అద్దె ఆపిన మర్నాటి నుంచి మీరు బకాయిదారులు. ఇక స్లాబ్ గురించి ఎవరూ అడగరు.

వానాకాలం లోపు స్లాబ్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తానని ఆయన అగ్రిమెంటులోనే రాసిచ్చాడన్నావు. నీకు దొరికిన పట్టు అదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, తాను చేయించాల్సిన రిపేరును ఓనరు నోటీసు అందాక తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. అందుకని "రిపేర్లన్నీ అద్దెదారువే" అన్న ముక్క ఇంకెక్కడైనా ఉందేమో ప్రతి పేజీ చూడు. పాత అగ్రిమెంటు మీద పేర్లు మార్చి ప్రింటు తీసేవాళ్లు ఇలాంటివి చాలానే వదిలేస్తారు.

తేదీ కూడా చూసుకో. చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. మీ గడువు అయిపోయి, కొత్తది రాసుకోకుండా అద్దె కడుతూ ఉంటే అది నెలవారీ అద్దె కింద లెక్క. 15 రోజుల నోటీసుతో ఆయన ఖాళీ చేయమనొచ్చు. పిల్లాడి స్కూలు పక్కనే ఉంది కాబట్టి, గడువు తీరిపోయి ఉంటే గట్టిగా పోట్లాడే ముందు కొత్త అగ్రిమెంటు సంగతి తేల్చుకోండి.

నోటీసంటే లాయరే రాయాలని లేదు. ఏ క్లాజు, ఎప్పటి నుంచి కారుతోంది, ఎన్నిసార్లు చెప్పారు, ఎన్ని రోజుల్లో చేయించాలి, లేకపోతే మీరేం చేస్తారు, ఇంతే. చట్టంలో ఇన్ని రోజులని లేదు. ఇలాంటి కారుడుకి 15 రోజులు ఇస్తే ఎవరూ తప్పు పట్టరు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయినట్టు చూపే కాగితం దాచు. వాట్సాప్‌లోనూ పెట్టు, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. ఫోన్లో అన్న మాటలు అసలు నిలబడవు.

గడువు దాటాక కూడా మేస్త్రీని వెంటనే పిలవకు. ఇద్దరి దగ్గర ఎస్టిమేట్ రాయించి, తక్కువది ఆయనకు పంపి, రెండు రోజులు ఆగు. పని మొదలయ్యే ముందు, అయ్యాక ఫోటోలు తీయి. డబ్బు యూపీఐలోనే ఇవ్వు, బిల్లు అడుగు. స్లాబ్ పని తప్ప ఇంకేదీ కలపకు. రంగులూ, వంటగది షెల్ఫూ అందులో వేస్తే మీ లెక్క మొత్తం అనుమానంలో పడుతుంది. ఆ నెల మిగతా అద్దె మామూలు తేదీకే వేసి, ఎంత తగ్గించారో ఎందుకో మెసేజ్ పెట్టు.

రెంట్ కంట్రోల్ కోర్టుకి వెళ్దామని అల్లుడన్నాడు కదా, తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం హైదరాబాద్‌లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. మీది సివిల్ కోర్టు దారి. అంతదాకా పోదనే నా నమ్మకం. నోటీసు అందగానే చాలామంది ఓనర్లు మేస్త్రీని పంపేస్తారు.

నోటీసు రాశాక పోస్టు చేయకముందు నాకు ఫోటో పెట్టు, ఒకసారి చూసి చెప్తాను. అగ్రిమెంటు అన్ని పేజీలూ కూడా పంపు.

మీ పెదనాన్న