షెడ్డు తెరవబోయే మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

ఆకివీడు దగ్గర రొయ్యల షెడ్డు లీజుకి తీసుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఐసు, కరెంటు సంగతి నీకే బాగా తెలుసు. నా బెంగంతా బల్లల దగ్గర నిలబడి రొయ్య ఒలిచే ఆడవాళ్ళ గురించే. పనిచోట లైంగిక వేధింపుల మాటెత్తితే ‘మన దగ్గర అలాంటివి జరగవులే’ అన్నావట. ఆ మాట ఇంకెప్పుడూ అనకు.

పనివాళ్ళు 10 మంది, ఆపైన ఉంటే, ఆ వేధింపుల్ని ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వెయ్యాలి. కమిటీకి పెద్ద ఆడమనిషే కావాలి, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్ళు, బయటి మనిషి ఒకరు. వెయ్యకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. అంతకంటే తక్కువమంది ఉన్నా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లాలోని స్థానిక కమిటీ చూస్తుంది. మేస్త్రీ తెచ్చిన కూలీలు కూడా నీ మనుషులే.

నేను పనిచేసిన ఒక షెడ్డులో, కాటా దగ్గరివాడు తట్ట అందుకునే నెపంతో చెయ్యి పట్టుకుంటున్నాడని ఒక పిల్ల యజమానికి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లని కాపాడుతున్నానని అనుకునే, ఒలిచే బల్ల నుంచి కడిగే పనిలోకి మార్చాడు. బల్ల దగ్గర కిలో లెక్క, ఆ పిల్లది మహా చురుకైన చెయ్యి. కడిగేచోట రోజుకూలి. వారం తిరిగేసరికి చేతికొచ్చేది తగ్గింది. ‘తప్పు లేకపోతే ఎందుకు మారుస్తారు?’ అన్నారు తోటివాళ్ళు. సంక్రాంతికి ఊరెళ్ళిన పిల్ల మళ్ళీ రాలేదు. వాడు కాటా దగ్గరే ఉన్నాడు. ఆ తర్వాత అక్కడ ఎవరూ నోరు విప్పలేదు. గొడవలు తగ్గాయని యజమాని సంతోషించాడు.

కదిలించాల్సి వస్తే వాణ్ణి కదిలించమ్మా. ఆమే చోటు మార్చమని, సెలవు కావాలని రాసి అడిగితే కమిటీ చెప్పినట్టు చెయ్యి. సెలవు మూడు నెలల దాకా ఇవ్వొచ్చు. కూలి మాత్రం తగ్గనివ్వకు.

జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి. రాయడం రానివాళ్ళకి కమిటీవాళ్ళే సాయం చెయ్యాలి. వాడి మాటా వినాలి, సాక్షుల్నీ అడగాలి, 90 రోజుల్లో విచారణ ముగించాలి. పేర్లు బయటికి పొక్కకూడదు, ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఎత్తకు. రాజీ మాట నీ నోట రాకూడదు. ఆమె అడిగితేనే రాజీ, అదీ డబ్బుతో కుదిర్చేది కాకూడదు.

ఇక వ్యాను. నువ్వు పెట్టిన వ్యానైతే చట్టం లెక్కలో అదీ పనిచోటే. రాత్రి అందరూ దిగిపోయాక, దీపం లేని చెరువుగట్టు మీద డ్రైవరుతో ఒక్కతే మిగిలే మనిషిని తలుచుకుంటేనే నాకు కాళ్ళు వణుకుతాయి. ఆఖర్న ఇద్దరు కలిసి దిగేలా దారి వెయ్యి. ఎవరు ఏ ఊరి నుంచి వస్తారో రాసి ఉంచు, ఆదివారం వచ్చి నీతో కూర్చుంటాను.

మీ అత్త