విదేశీ ఎంబీబీఎస్: ఆ ఆరు లక్షల ఎఫ్‌డీ కదపకండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి 65,000 వస్తాయి, ఇంటి ఖర్చు 40,000. సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. 6 లక్షల ఎఫ్‌డీ, మొత్తం 4 లక్షలకు రెండు ఎల్‌ఐసీ పాలసీలు ఉన్నాయి. అమ్మాయి నీట్‌లో అర్హత సాధించింది కానీ ఇక్కడ సీటు రాలేదు. కిర్గిజిస్థాన్‌లోని బిష్కెక్‌లో ఫీజు ఏడాదికి 3,000 డాలర్లు, హాస్టలు, తిండి నెలకు 200 డాలర్లు, ఆరేళ్లకు 30 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. మూడేళ్ల డబ్బు ఒకేసారి కడితే లక్షన్నర తగ్గిస్తారట. ఎఫ్‌డీ తీసేసి, బంగారం మీద 4 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు తెద్దామనుకుంటున్నా. మిగతాది జీతంలోంచి సర్దుకుంటాం. సరేనా?

జవాబు: వద్దండీ. ఇదే పద్ధతిలో డబ్బు సర్ది పిల్లల్ని పంపి, మూడో ఏడాదికి చేతులెత్తేస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నా.

8 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 16,000. మూడేళ్లలో 5,76,000 కట్టాక కూడా అసలు 8 లక్షలు అలాగే ఉంటుంది. లక్షన్నర తగ్గింపు కోసం ఇంత వడ్డీ కడతారా? నెలకు మీకు మిగిలేది 25,000. ఈ వడ్డీకి, బంగారం వడ్డీకి కలిపి అందులో దాదాపు 19,000 పోతే నాలుగో ఏడాది ఫీజు ఎక్కణ్నుంచి తెస్తారు? ఆ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకండి.

ఫీజు ముందే కట్టేయడం ఇంకా పెద్ద తప్పు. మధ్యలో పరిస్థితి మారితే కట్టిన డబ్బు ఇరుక్కుపోతుంది. కిర్గిజిస్థాన్ లాంటి దేశాలు సోవియట్ యూనియన్‌లో ఉన్నప్పుడు అంతటా ఒకే తరహా వైద్య విద్య ఉండేది. విడిపోయాక ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. జార్జియా 2005లో, కజకిస్థాన్ 2010లో యూరప్ దేశాల ఉమ్మడి ఉన్నత విద్యా విధానమైన బొలోన్యాలో చేరాయి, కిర్గిజిస్థాన్ చేరలేదు. నియమాలు ఇప్పటికీ కుదురుకోలేదు. కొద్ది మినహాయింపులు తప్ప ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోబోమని జార్జియా 2025 అక్టోబరులో ప్రకటించింది. బిష్కెక్‌లోనే 2024 మేలో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద మూకలు దాడి చేశాయి. యుద్ధంతో మన పిల్లలు చదువు మధ్యలో తిరిగొచ్చిన ఉక్రెయిన్ సంగతి మీకు తెలిసిందే.

మధ్యలో కాలేజీ మారదామంటే 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధన అడ్డొస్తుంది. కనీసం 54 నెలల చదువు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ ఇంగ్లిష్ మాధ్యమంలో ఒకే విదేశీ కాలేజీలో పూర్తవాలి, ఆ దేశంలో ప్రాక్టీసు చేసే అర్హత కూడా ఉండాలి. ఐదేళ్లలో అయిపోతుందని ఎవరైనా అంటే ఆ 66 నెలలు గుర్తుంచుకోండి. విదేశీ కాలేజీలను ఎన్‌ఎంసీ ఆమోదించడమంటూ ఉండదు కాబట్టి ‘ఎన్‌ఎంసీ అప్రూవ్డ్’ జాబితా చూపిస్తే నమ్మొద్దు. ఫీజు ఏ సెమిస్టరుది ఆ సెమిస్టరుకే, నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టండి.

ఇక ఎఫ్‌డీ. మీ ఉద్యోగానికి ఏమైనా అయితే ఆరు నెలల ఇంటి ఖర్చుకు 2,40,000 కావాలి. అమ్మాయి ఉన్నపళంగా తిరిగి రావాల్సి వచ్చినా, బ్యాంకు విద్యారుణం డబ్బు ఆలస్యమైనా ఒక సెమిస్టరు ఫీజు 1,500 డాలర్లు, మూడు నెలల ఖర్చు 600 డాలర్లు, టికెట్టుకు 60,000 చేతిలో ఉండాలి. డాలరు 90 రూపాయలనుకుంటే 2,49,000. మూడోది డాలరు దెబ్బ. 2020 మొదట్లో 71 రూపాయలున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. ఏడాదికి మీరు పంపే 5,400 డాలర్లకు ఆ తేడా 1,02,600. ఈ మూడూ కూడితే 5,91,600. సరిగ్గా మీ ఎఫ్‌డీ! అది ఫీజుకని దాచిన డబ్బు కాదు. మూడు ఎఫ్‌డీలుగా విడగొట్టి, మీ ఆవిడ పేరు కూడా చేర్చి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టండి. పన్ను ఆదా ఎఫ్‌డీలో మాత్రం వేయకండి, ఐదేళ్ల దాకా కదలదు.

మరి ఫీజు? ఇల్లు పూచీగా పెట్టి బ్యాంకులో విద్యారుణం తీసుకోండి. 18 లక్షలు మంజూరు చేయించుకుని ఏడాదికి 3 లక్షల చొప్పున తీసుకుంటే చాలు, మిగతాది జీతంలోంచి కట్టొచ్చు. తేడా వస్తే అప్పుడు బంగారం వైపు చూడండి. చదువుకునేటప్పుడు వడ్డీ కట్టనక్కర్లేదన్న మాట విని ఊరుకోవద్దు. 10.5 శాతం బారువడ్డీ అనుకుంటే చదువు ఆరేళ్లు, ఆ తర్వాత గడువు ఒక ఏడాది కలిపి ఏడేళ్లు పూర్తయ్యేసరికి అప్పు 26.5 లక్షలై, పదేళ్లకు ఈఎంఐ 35,750 దాకా పడుతుంది. ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే 18 లక్షలే ఉంటుంది, ఈఎంఐ 24,300. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 2,625 మాత్రమే, ఆరో ఏడాదికి 15,750 అవుతుంది.

ఆ ఈఎంఐ మొదట కట్టేది మీరే. బ్యాంకు గడువు సాధారణంగా చదువు తర్వాత ఒక ఏడాదే. అమ్మాయి వచ్చాక, విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి, ఆ తర్వాత ఇక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. 2024 జూన్ విడతలో ఆ పరీక్ష పాసైంది నూటికి 21 మందే. అక్కడి రోగులు మాట్లాడేది కిర్గిజ్, రష్యన్ భాషలు. అవి రాని పిల్లలకు వార్డులో పని అబ్బదు. మొదటి ఏడాదే రష్యన్ నేర్చుకోమనండి.

మళ్లీ నీట్ రాయడం, బీడీఎస్, నర్సింగ్ కూడా ఒకసారి ఆలోచించండి.

ఇల్లు పూచీ పెట్టే మనిషికి 4 లక్షల బీమా ఏ మూలకు? అప్పుకు 18 లక్షలు, పదేళ్ల ఇంటి ఖర్చుకు 48 లక్షలు కలిపి 66 లక్షలు. 75 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటికి డబ్బు వచ్చే బీమా) 65 ఏళ్ల వయసు దాకా తీసుకోండి. బీపీ, షుగర్ ఉంటే దాచకండి, క్లెయిమ్ ఆగేది అక్కడే. పాలసీ చేతికొచ్చాకే ఇంటి కాగితాలు బ్యాంకుకివ్వండి.